తడబడిన మనస్సు – ఎవరి దోషము?

ఒక గృహమున యువకుడొకడు పరీక్షలు ముగిసిన పిదప నిద్రకు దూరమైనాడు. అన్నము ముందు కూర్చుండి ముద్ద ముట్టకుండ లేచిపోవును. సంధ్యవేళ దీపము పెట్టిన గదిలోనికి రాడు. చిన్ననాటినుండి కంఠస్థమైన విష్ణుసహస్రనామము నోట పలుకదు. తండ్రి "వీనికి భక్తి తగ్గినది, అందుకే ఈ స్థితి" అని నిశ్చయించును. పెదతండ్రి గొంతు తగ్గించి "వాని మేనమామకును ఇట్లే ఉండెడిది, అది రక్తములోనే ఉన్నది" అనును. ఇరుగుపొరుగువారు "పెండ్లి చేసినచో కుదురుకొనును" అందురు. తల్లి ఏమియు అనదు. కొండకు మ్రొక్కుకొని, పసుపుబట్టలో ముడుపు కట్టి, కొడుకు గది గుమ్మము దగ్గర కూర్చుండును.

ఇట్టి గృహములు ఒకటి రెండు కావు. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రములలో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, వయోజనులలో 10.6 శాతము మందికి ఏదో ఒక మానసిక రుగ్మత కలదని తేలినది. వ్యాధినిబట్టి నూటికి 70 మొదలు 92 మంది వరకు తగిన చికిత్స పొందుటలేదనియు ఆ సర్వే తెలిపినది. కనుక ఆ గుమ్మము దగ్గర పుట్టిన ప్రశ్న ప్రతి గృహస్థుడును విచారింపదగినది. మనిషి స్వభావము వంశమునుండి వచ్చునా, బ్రతుకున పడిన కష్టమునుండి వచ్చునా? మనస్సు తడబడినప్పుడు ఆ దోషమెవరిది?

పురాణములు ఈ ప్రశ్నను ఎరుగనివి కావు. విశ్రవసునకును కైకసికిని జన్మించినవారే రావణ కుంభకర్ణ విభీషణులు. తల్లి ఒకతె, తండ్రి ఒకడు, పెరిగిన ఇల్లు ఒకటి. అయినను ఒకడు పరస్త్రీని అపహరించెను, మరియొకడు శ్రీరాముని పాదములను ఆశ్రయించెను. వంశమే సర్వమైనచో విభీషణుడు లేడు. శ్రీమద్భాగవతము మరియొక అడుగు ముందునకు వేయును. హిరణ్యకశిపుడు తపస్సునకు పోయిన కాలమున గర్భవతియైన అతని భార్య కయాధువును నారదమహర్షి తన ఆశ్రమమున కాపాడెను. ఆమెకు చెప్పిన భగవత్తత్త్వమును గర్భస్థుడైన ప్రహ్లాదుడు గ్రహించెను. తండ్రి రక్తమును, తల్లి పొందిన ఆశ్రయమును, శిశువు యొక్క గ్రహణశక్తియు, మూడును కలిసి ఒక స్వభావమైనవి. వీనిలో ఏ ఒక్కదానిని విడిచినను ఆ చరిత్ర పూర్తి కాదు.

ఆధునిక విజ్ఞానము ఇదే ప్రశ్నను కవలలను చూచి విచారించినది. ఒకే పిండము రెండుగా విడివడి పుట్టిన కవలలకు జన్యువులు దాదాపు ఒక్కటే. వేరువేరు పిండములుగా పుట్టిన కవలలు, తక్కిన తోబుట్టువులవలెనే, సగటున సగము పాలు మాత్రమే పంచుకొందురు. ఈ రెండు విధముల జంటలను పోల్చినచో వంశము పాలు ఎంతయో అంచనా వేయవచ్చును. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయమున థామస్ బూషార్డ్ 1979లో, పసితనముననే విడిపోయి వేరు ఇండ్లలో పెరిగిన కవలలను పరిశీలింప నారంభించెను. 2015లో ప్రకటితమైన ఒక మహాసమీక్ష, అంతకు ముందు ఇంచుమించు ఏబది సంవత్సరములలో వెలువడిన 2,748 పరిశోధనలను, దాదాపు 1.45 కోట్ల కవల జంటల వివరములను ఒకచోట చేర్చినది. మానవ లక్షణములన్నింటిని కలిపి చూడగా వంశము పాలు సగటున 49 శాతమని తేలినది. బిడియము, తొందరపాటు, ఓర్పు, భయశీలత మొదలైన స్వభావగుణములకును ఆ పాలు ఇంచుమించుగా 40 నుండి 50 శాతము వరకు ఉండునని పరిశోధకులు చెప్పుదురు.

ఈ అంకెను తప్పుగా గ్రహించువారు పెక్కుమంది. ఒక మనిషి గుణములలో సగము తాతలది, సగము తనది అని పంచి చెప్పుట దీని అర్థము కాదు. పెద్ద జనసమూహమున మనిషికిని మనిషికిని గల భేదములలో సుమారు సగమునకు జన్యుభేదములు కారణమని మాత్రమే దీని తాత్పర్యము. ఒక వ్యక్తిని చూపి "వీని గతి ఇంతే" అని పలుకుటకు ఈ అంకె ఎవరికిని అధికారమీయదు.

మనోవ్యాధులలో మిక్కిలి కఠినమైన స్కిజోఫ్రీనియాను తీసికొనవచ్చును. సామాన్యజనులలో ఇది జీవితకాలమున నూటికి ఇంచుమించుగా ఒకరికి వచ్చును. తల్లిదండ్రులలో ఒకరికి ఉన్నచో బిడ్డకు వచ్చు అవకాశము నూటికి పది పరిసరములకు పెరుగును. ఏకపిండ కవలలలో ఒకరికి వచ్చినచో రెండవవారికి వచ్చుట సగము లేక అంతకు తక్కువ. వంశము పాలు గట్టిదేయని ఈ లెక్కలు చూపుచున్నవి. అయినను ఇదే లెక్కను మరియొక వైపునుండి చదువవలెను. వ్యాధిగల తండ్రికి పుట్టిన నూరుగురు బిడ్డలలో దాదాపు తొంబదిమందికి ఆ వ్యాధి రాదు. జన్యువులన్నియు ఒక్కటేయైన కవలలో సైతము సగముమందికి పైగా తప్పించుకొందురు. "రక్తములోనే ఉన్నది" అని గొంతు తగ్గించి పలికినవాడు ఈ రెండవ సగమును చదువలేదు.

ఒక్క జన్యువే విషాదమునకు కారణమని చెప్పబోయినవారికి కలిగిన అనుభవమును కూడ తెలిసికొనదగును. న్యూజీలాండు దేశమున డ్యూనెడిన్ నగరములో 1972-73లో పుట్టిన పిల్లలను పరిశోధకులు పుట్టుకనుండి గమనించుచు వచ్చిరి. వారిలో 847 మందిని పరిశీలించి, సెరొటోనిన్ అను మెదడు రసాయనమునకు సంబంధించిన ఒక జన్యువు పొట్టి రూపమున ఉన్నవారు, కష్టములు మీదపడినప్పుడు ఎక్కువగా కుంగిపోవుదురని 2003లో ప్రకటించిరి. లోకమంతయు ఆ మాటను అందుకొనెను. కాని 2009లో 14 అధ్యయనములను కలిపి చూచినప్పుడు ఆ ఫలితము నిలువలేదు. 2019లో లక్షలమంది వివరములతో మరల పరీక్షించినను నిలువలేదు. అయితే కష్టములు ఎక్కువైనకొలది కుంగుబాటు ఎక్కువగుట మాత్రము 2009 నాటి లెక్కలోను స్పష్టముగనే కనిపించినది. ఈనాడు తెలిసిన సత్యమేమనగా, వందలాది జన్యుస్థానములు ఒక్కొక్కటి రవ్వంత చొప్పున మొగ్గునిచ్చును. స్కిజోఫ్రీనియాకు సంబంధించి 2022లో ప్రకటితమైన పరిశోధన అట్టి 287 స్థానములను గుర్తించినది. ఆ రవ్వలు కొన్ని ప్రతి మనిషిలోను కలవు. కావున ఈ విషయమున శుద్ధవంశము, దుష్టవంశము అను విభజన లేదు.

ఇక కష్టము పాలు. మనస్సునకు భయము కలిగినప్పుడు శరీరము కార్టిసాల్ మొదలగు రసములను విడుదల చేసి పోరాటమునకు సిద్ధమగును. ఆపద తొలగినంతనే అవి తగ్గవలెను. అప్పు, అవమానము, ఇంటిలో హింస, ఆప్తుల మరణము నెలల తరబడి వేధించినప్పుడు అవి సరిగా తగ్గవు. నిద్ర చెడును, జ్ఞాపకము సడలును, ఉత్సాహము ఎండిపోవును. ఈ ఒత్తిడి గర్భమునందే ఆరంభము కావచ్చును. 1944-45 శీతకాలమున జర్మను సైన్యము ఆహారమును అడ్డగించుటచే నెదర్లాండ్స్ పశ్చిమభాగమున ఘోరమైన కరవు వచ్చినది. ఆ కరవు తీవ్రముగా ఉన్న దినములలో గర్భమున పడిన శిశువులలో, పెద్దయైన పిదప స్కిజోఫ్రీనియా రెండింతలుగా కనబడెను. ఆ శిశువులు చేసిన తప్పేమి?

గజేంద్రమోక్షము ఎరుగని తెలుగు ఇల్లు అరుదు. ఆ గజరాజు బలహీనుడు కాడు, అడవికెల్ల నాయకుడు. కాని పోరు జరిగినది నీటిలో. నీరు మకరికి స్వస్థానము, కరికి పరస్థానము. అందుచే దినదినమునకు మకరి బలము పెరిగెను, కరి బలము తరిగెను. పుట్టుకతో వచ్చిన బలమెంతటిదైనను అది నిలిచిన చోటునుబట్టి, పోరు సాగిన కాలమునుబట్టి తరుగుననుటకు ఇంతకంటె చక్కని దృష్టాంతము అరుదు. ఆ ఏనుగు దుర్బలమైనదని శ్రీహరి నిందింపలేదు. ఆర్తనాదము చెవిని పడినంతనే సంభ్రమముతో కదలి వచ్చెను.

వంశమును కష్టమును ఎట్లు ముడిపడియుండునో ఫిన్లాండు దేశమున పెక్కా తియెనారి జరిపిన దత్తపుత్రుల పరిశీలన వివరించినది. స్కిజోఫ్రీనియా గల తల్లులకు పుట్టి, ఇతర గృహములకు దత్తు వెళ్ళిన పిల్లలను ఆయన బృందము అనేక సంవత్సరములు గమనించెను. దత్తు తీసికొన్న ఇంట కలహము, కఠినత్వము, కలత ఉన్నచోట ఆ పిల్లలలో రుగ్మత అధికముగా కనబడెను. శాంతముగా, ఆప్యాయముగా ఉన్న ఇండ్లలో పెరిగినవారికి ఆ ముప్పు చాల వరకు తగ్గెను. వంశభారము లేని పిల్లలపై ఇంటి కలత అంతగా పనిచేయలేదు. అనగా కొందరు గాలికి త్వరగా వణకు దీపములవంటివారు. గాలి లేనిచోట వారును నిండుగనే వెలుగుదురు. దీపమును మార్చుట ఎవరి చేతను కాదు గాని, తలుపు వేయుట ఇంటివారి చేతిలోనిదే.

ఇచ్చట విచారశీలునకు ఒక సందేహము కలుగును. స్వభావము వంశమునుండియు, కలత కాలమునుండియు వచ్చినచో మనిషికి స్వతంత్రత ఎక్కడిది? పుణ్యపాపముల మాటేమి? గీతాచార్యుడు మూడవ అధ్యాయమున ఈ సందేహమును ముందుగనే తీర్చెను. జ్ఞానవంతుడు సైతము తన ప్రకృతికి తగినట్లే నడచుననియు, నిర్బంధముచే ప్రయోజనము లేదనియు చెప్పి, ఆ వెంటనే రాగద్వేషములకు వశుడు కావలదని ఆదేశించెను. ప్రకృతి బలమును ఒప్పుకొనుచునే ప్రయత్నమునకు చోటు విడిచెను. భగవద్రామానుజులు శ్రీభాష్యమున జీవుని కర్తృత్వమును విచారించుచు, మొదటి ప్రయత్నము జీవునిదనియు, దానిని అపేక్షించి అంతర్యామి అనుమతి యొసగి నడిపించుననియు నిర్ణయించిరి. ఈ సిద్ధాంతమునుబట్టి ఎవని ప్రయత్నము వాని శక్తికి తగినది. ఆరోగ్యవంతుడు తెల్లవారుజామున లేచి సహస్రనామము పారాయణ చేయుట ఎంతటి ప్రయత్నమో, కుంగినవాడు మంచము దిగి ముఖము కడుగుకొనుట కూడ అంతటి ప్రయత్నము కావచ్చును. బయటి కన్నులకు రెండవది కనబడదు, అంతర్యామికి కనబడును.

విశిష్టాద్వైత సిద్ధాంతమున మనస్సు ఆత్మ కాదు. అది ప్రకృతినుండి పుట్టిన ఇంద్రియము, ఆత్మకు పనిముట్టు. జీవుని ధర్మభూతజ్ఞానము కర్మవశమున సంకోచవికాసములను పొందునని పెద్దలు చెప్పుదురు. కుండలోని దీపమునకు వెలుగు బయటకు రాకపోయినంత మాత్రమున దీపము ఆరినదని అనరాదు. కన్నునకు పొర కమ్మినవానిని "చూపునందు నీకు శ్రద్ధ లేదు" అని ఎవరును దూషింపరు. మనస్సునకు కమ్మిన పొరను మాత్రము భక్తిలోపమని దూషించుట ఏ శాస్త్రసమ్మతము?

దీనినే సాకుగా చేసికొని, ఆరోగ్యముగా ఉండి భార్యాబిడ్డలపై కేకలు వేయుచు "మాది కోపిష్ఠి వంశము" అని గర్వించువాడు తప్పించుకొనలేడు. అతనికి నిగ్రహించుకొను శక్తి ఉన్నదనుటకు పై అధికారి ముందు అతడు పాటించు వినయమే సాక్ష్యము. వంశము ఇచ్చినది మొగ్గు మాత్రమే. అభ్యాసము అతని పని.

మరికొందరు "పూర్వజన్మ కర్మము, అనుభవింపక తప్పదు" అందురు. కర్మసిద్ధాంతమును వైష్ణవుడు త్రోసివేయడు. కాని కర్మగతి గహనమని భగవానుడే పలికెను. ఎవరి ఏ బాధకు ఏ కర్మ కారణమో చెప్పు అధికారము ఇరుగుపొరుగువారికి ఈయబడలేదు. బాధపడువాడు తనకు తాను కర్మయని తలచి ఓర్పు తెచ్చుకొనవచ్చును. చూచువాడు ఆ మాటను ఎదుటివానిపై ప్రయోగించినచో అది అతనికే క్రొత్త కర్మయగును. రోగి బాధ ఏ కర్మ ఫలమైనను, రోగిని చూచుకొనుట మాత్రము ఇంటివారి నేటి కర్తవ్యము.

కురుక్షేత్రమున అర్జునుని స్థితి ఇందుకు గొప్ప నిదర్శనము. అవయవములు పట్టుదప్పి, నోరెండి, శరీరము కంపించి, గాండీవము చేజారినది. మహావీరుడు రథముమీద కూలబడెను. శ్రీకృష్ణుడు మొదట ఈ పిరికితనము తగదని మందలించెను. ఆ మందలింపుతో అర్జునుడు లేవలేదు. యుద్ధము చేయనని పలికి మౌనము వహించెను. లేవలేదని స్వామి రథము దిగిపోలేదు, మందలింపును రెట్టింపలేదు. చిరునవ్వుతో ప్రక్కన నిలిచి, ప్రశ్న వెంట ప్రశ్నను ఓర్పుతో వినుచు పదునెనిమిది అధ్యాయముల పొడవున మాటలాడెను. ఆ కుంగుబాటు గల అధ్యాయమునకు సైతము పెద్దలు యోగమనియే పేరుంచిరి. "ధైర్యము తెచ్చుకో" అను ఒక్క మాట గాండీవధారికే చాలనప్పుడు, పరీక్షలు వ్రాసి అలసిన పిల్లవానికి చాలునా?

ఇంటివారి మాట ఎంతటి ఔషధమో, ఎంతటి విషమో పరిశోధనలు కూడ చెప్పుచున్నవి. ఆసుపత్రినుండి ఇంటికి వచ్చిన రోగులలో, నిత్యము తప్పులెన్నుచు దూషించు కుటుంబములలోనివారికి వ్యాధి తిరుగబెట్టుట ఎక్కువయని లండనులో జార్జ్ బ్రౌన్ మొదలైనవారు గ్రహించిరి. చండీగఢ్ ప్రాంతపు కుటుంబములను పరిశీలించి 1987లో ప్రకటించిన అధ్యయనమున, లండను కుటుంబములకంటె ఇచ్చట దూషణ తక్కువయనియు, వ్యాధి తిరుగబెట్టుటయు తక్కువయనియు తేలినది. హవాయి ద్వీపములలోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ దశాబ్దముల తరబడి గమనించెను. పేదరికము, తల్లిదండ్రుల వ్యాధి, గృహకలహము ముప్పిరిగొన్న పిల్లలలో సైతము ఇంచుమించుగా మూడవ వంతు మంది సమర్థులై, దయగలవారై పెరిగిరి. అట్టివారికి చిన్ననాట తమను విడువక ఆదరించిన పెద్దదిక్కు కనీసము ఒకరైనను ఉండిరి. అవ్వయో, తాతయో, ఉపాధ్యాయుడో ఎవరైనను చాలును. దైవవిశ్వాసమును, భక్తసమాజమును కూడ వారిలో కొందరికి ఊతయైనవి.

దేవాలయమునకు ఈ విషయమున స్థానమేమి? తిరుచ్చిరాపల్లి సమీపమున కావేరీతీరమందలి గుణశీలములో ప్రసన్న వేంకటాచలపతి సన్నిధిని, మనస్సు చెదరినవారు 48 దినములు సేవించు ఆచారము కలదు. తమిళనాడులోని మరియొక గ్రామదేవాలయమున ఆశ్రయము పొందిన 31 మంది రోగులను నిమ్హాన్స్ వైద్యులు పరిశీలించి 2002లో ఫలితములను ప్రకటించిరి. ఇంచుమించు ఆరు వారములు ఉన్న పిదప వారి వ్యాధిలక్షణముల కొలత దాదాపు 20 శాతము తగ్గెను. బెదిరింపు లేని ఆదరణయే ఇందుకు కారణమై ఉండవచ్చునని ఆ వైద్యులు తలచిరి. అయితే అది చిన్న పరిశీలన. మందు మానవచ్చునని దాని తాత్పర్యము కాదు. ఆదరణ తొలగిన చోట పుణ్యక్షేత్ర సామీప్యము కూడ రక్షింపజాలదు. రామనాథపురము జిల్లా ఏర్వాడిలో, రోగులు స్వస్థతకై చేరు ప్రార్థనాస్థలమునకు సమీపమున నడచుచున్న ఒక ప్రైవేటు ఆశ్రయమున 2001 ఆగస్టు 6వ తేదీన నిప్పు అంటుకొన్నప్పుడు, గొలుసులతో కట్టబడిన రోగులు కదలలేకపోయిరి. 28 మంది మరణించిరి. మానసిక రోగులను గొలుసులతో బంధించుటను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము నిషేధించినది.

కావున ముడుపును మందును ఒకదానికొకటి విరోధులు కావు. తల్లి ముడుపు కట్టవచ్చును, ఆ చేతితోనే కొడుకును డాక్టరు వద్దకు తీసికొనిపోవలెను. సమీపమున ఎవరును లేనిచో ప్రభుత్వము 2022లో ఆరంభించిన టెలి మానస్ సేవను 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే సంప్రదింపవచ్చును. చనిపోవుట మేలని రోగి ఒక్కసారి పలికినను ఆ మాటను తేలికగా కొట్టివేయక, ఒంటరిగా విడువక, ఆనాడే వైద్యసహాయము కోరవలెను. పెండ్లి ఔషధము కాదు. వ్యాధిని దాచి వివాహము చేయుట ఒక మనస్సునకు బదులు రెండింటిని కష్టపెట్టుట. సత్యము చెప్పినచో సంబంధము తప్పిపోవచ్చునను భయము సహజమే. కాని శ్రీనివాసుని కల్యాణమును ఏటేట జరిపించుకొను గృహస్థునకు, అసత్యముమీద కట్టిన మంగళసూత్రము శోభనీయదు.

తిరుమల యాత్రికులు పుష్కరిణీతీరమున ముందుగా వరాహస్వామిని సేవించి పిదప శ్రీనివాసుని దర్శించుట ఆచారము. ఆ వరాహమూర్తియే భూదేవికి ఒక మాట ఇచ్చెను. శ్రీవైష్ణవులు దానిని చరమశ్లోకముగా పఠింతురు. మనస్సు స్వస్థముగా, శరీరము దృఢముగా ఉన్న కాలమున తనను స్మరించినవాడు, ఆ పిదప కట్టెవలె రాతివలె పడి తనను స్మరింపలేని స్థితికి వచ్చినను, అతనిని తానే స్మరింతునని దాని భావము. మనస్సు చెదరునని, నామము నోట రాని దినము వచ్చునని స్వామికి ముందే తెలియును. భక్తుడు మరచినప్పుడు జ్ఞాపకముంచుకొను భారమును స్వామి తన మీద వేసికొనెను.

ఆ యువకుడు సంధ్యాదీపము దగ్గరకు రాకపోయినను స్వామి జ్ఞాపకమునుండి తొలగిపోలేదు. స్వామి మరువనివానిని ఇంటివారు దూషింపనేల? తన ఒక్కని మోక్షమును కోరక, దీనులను విడిచిపోనొల్లనని నృసింహునితో విన్నవించిన ప్రహ్లాదుని మార్గమే వారికి మార్గము. తండ్రి ఆ గుమ్మము దగ్గరకు వచ్చి, తల్లి ప్రక్కన కూర్చుండి, కుమారుని బదులు తానే ఆ సహస్రనామమును మెల్లగా పఠించుగాక. తెల్లవారినంతనే అతని చేయి పట్టుకొని వైద్యుని యొద్దకు నడచుగాక. తడబడిన మనస్సులన్నింటికిని, వాటిని మోయు చేతులన్నింటికిని శ్రీవేంకటేశ్వరుడు బలము ననుగ్రహించుగాక.